ఎదిగే వయసు నవలల సిరీస్ చదవడం: గోదావరి డెల్టా చదువరులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక పిల్లో పిల్లాడో భాగం భాగానికీ పెద్దవుతూ పోయే నవలల వరసల గురించి ఈ పేజీ. పుస్తకం మార్చుకోవడానికి పంటు మీద ఏరు దాటి వెళ్లాల్సినవాళ్లనీ, వరదొస్తే ముందు పుస్తకాల పెట్టె అటకెక్కించేవాళ్లనీ దృష్టిలో పెట్టుకుని రాసింది.

మామూలు సిరీస్‌కీ దీనికీ తేడా ఏమిటి?

డిటెక్టివ్ సిరీస్‌లో హీరో మొదటి పుస్తకంలో ఏ వయసువాడో నలభయ్యో పుస్తకంలోనూ అదే వయసువాడు. ఏది ముందు చదివినా నష్టం లేదు. ఎదిగే వయసు సిరీస్‌లో వయసే కథ. మొదటి భాగంలో ఆడిన అబద్ధం మూడో భాగంలో స్నేహాన్ని తెంచుతుంది, రెండో భాగంలో తిట్టుకున్న అమ్మ అయిదో భాగానికి అర్థమవుతుంది. హారీ పోటర్ ఏడు పుస్తకాల్లో (1997–2007) మంత్రదండాలు పక్కన పెట్టి చూడండి. 11 ఏళ్ల పిల్లాడు పుస్తకానికో బడి సంవత్సరం చొప్పున 17కి చేరడమే మిగులుతుంది.

మీ చేతిలో ఉన్నది ఏ రకమో తేల్చుకోవాలంటే మొదటి భాగంలో ముఖ్యపాత్ర వయసూ, చివరి భాగం మొదట్లో వయసూ చూడండి. మూడేళ్లకి మించి తేడా ఉంటే వరస తప్పకుండా చదవాల్సిందే.

ఏ వయసులో మొదలుపెట్టాలి?

హీరో కన్నా చదివేవాళ్లు ఒకటి రెండేళ్లు చిన్నగా ఉన్నప్పుడు బాగా పడుతుంది. పిల్లలు తమకన్నా కాస్త పెద్దవాళ్ల సంగతి వింటారు, తమకన్నా చిన్నవాళ్ల సంగతి వినరు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, పదకొండేళ్ల పిల్ల వేసవి సెలవుల్లో ఊపు మీద ఆరు భాగాలు లాగించేస్తుంది. హీరోయినేమో ఆ రెండు నెలల్లో పదిహేడేళ్లదైపోతుంది. చివరి భాగాలు ఈ పిల్లకి బోరు కొడతాయి, లేదా అర్థం కాక భయపెడతాయి. సిరీస్ చెడ్డది కాదు, తొందర ఎక్కువైంది. ఇప్పుడు సగం, ఏడాది ఆగి మిగతా సగం చదివించండి. ఈ తరహా సిరీస్‌ని ఏకబిగిన ముగించకూడదన్నదే ఈ పేజీ మొత్తంలో మా గట్టి అభిప్రాయం. మామిడి తాండ్ర కూడా పొర ఆరాకే పొర పోస్తారు.

ఏ వరసలో చదవాలి? అచ్చయిన వరసా, కథ జరిగిన వరసా?

చాలా సిరీస్‌లకి ఈ రెండూ ఒకటే. తేడా వచ్చినప్పుడే తగువు. దీనికి మంచి ఉదాహరణ కెనడా రచయిత్రి ఎల్. ఎమ్. మాంట్‌గొమరీ యాన్ అనే అమ్మాయి గురించి రాసిన పుస్తకాలు, మొత్తం ఎనిమిది. మొదటిది 1908లో, రెండోది 1909లో, మూడోది 1915లో వచ్చాయి. తర్వాత 1917, 1919, 1921లలో మూడు రాసి యాన్ పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా తీసుకెళ్లింది. చాలా ఏళ్లకి వెనక్కి తిరిగి, మధ్యలో వదిలేసిన కాలానికి 1936లో ఒకటీ, 1939లో ఒకటీ రాసింది. ఇవాళ పెట్టెలో వచ్చే సెట్టులో 1936 పుస్తకానికి 4, 1939 పుస్తకానికి 6 అని అంకెలుంటాయి.

మొదటిసారి చదివేవాళ్లు అచ్చయిన వరసలో వెళ్లండి. వెనక్కి వెళ్లి రాసిన భాగం, ఆ తర్వాతి కథ చదివేశారన్న నమ్మకంతో రాసింది. దాన్ని మధ్యలో చదివితే పాత్రల భవిష్యత్తు గురించిన చమత్కారాలు తెలియకుండానే దాటిపోతాయి. రెండోసారి చదివేటప్పుడు కథ వరస బాగుంటుంది.

పుస్తకం వెనక వేసిన జాబితాని నమ్మొద్దు. శీర్షిక పేజీ తిప్పితే వచ్చే కాపీరైట్ పేజీలో మొదటి ముద్రణ ఏడాది చూడండి. అన్ని భాగాల ఏడాదులూ ఒక కాగితం మీద రాసుకుంటే వరస దానంతట అదే తేలుతుంది.

మా లైబ్రరీ పుస్తకం సగంలో ముగిసినట్టుంది. పేజీలు చిరిగాయా?

చిరిగి ఉండకపోవచ్చు. పాత సిరీస్‌లలో ఒకటే నవల ఒక దేశంలో ఒక పుస్తకంగా, ఇంకో దేశంలో రెండు పుస్తకాలుగా రావడం మామూలు. నలుగురు అక్కచెల్లెళ్ల గురించిన అమెరికా నవల లిటిల్ విమెన్ రెండు భాగాలుగా 1868, 1869లలో వచ్చింది. అమెరికా ముద్రణల్లో రెండూ కలిపి ఉంటాయి. బ్రిటన్ పద్ధతి ముద్రణల్లో రెండో భాగం గుడ్ వైవ్స్ అన్న వేరే పేరుతో ఉంటుంది. కనుక మొదటి దానితో ఆగిపోయినవాళ్లు అక్కచెల్లెళ్ల కథ సగమే చదివినట్టు.

అధ్యాయాలు లెక్కపెట్టండి. ఆ నవల మొత్తం 47 అధ్యాయాలు. మీ దాంట్లో 23 ఉంటే సగం పుస్తకమే. ఇంకా తక్కువుంటే అది పిల్లల కోసం కుదించిన ప్రతి. అట్ట మీద "సంక్షిప్తం" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలుండదు. కుదించిన ప్రతుల్లో సంఘటనలు మిగులుతాయి, ఎదుగుదల ఎగిరిపోతుంది. కొనేముందు లావు చూడండి. అయిదొందల పేజీలు రావాల్సిన నవల నూట ఇరవైలో ఉంటే సంగతేమిటో మీకే తెలుస్తుంది.

రోజుకి ఎంత చదవాలి? సిరీస్ మొత్తం ఎన్నాళ్లు పడుతుంది?

గడియారం పెట్టుకుని పది నిమిషాలు మామూలుగా చదవండి. ఎన్ని పేజీలయ్యాయో చూడండి. ఆరు పేజీలయ్యాయనుకుందాం. రోజుకి అరగంట అంటే 18 పేజీలు. 320 పేజీల భాగానికి 18 రోజులు. ఆరు భాగాలకి 108 రోజులు. భాగానికీ భాగానికీ మధ్య పది రోజులు ఖాళీ వదిలితే అయిదు ఖాళీలకి 50 రోజులు. మొత్తం 158.

జూన్ 15న, అంటే బడులు తెరిచి కాలువలకి నీళ్లొదిలే రోజుల్లో, మొదలుపెడితే నవంబరు 20కి అవుతుంది. సార్వా కోతల సమయం. వరదకో దసరాకో నెల పోయినా సంక్రాంతిలోపు ముగుస్తుంది. సంక్రాంతి మూడు రోజులకీ ఏ లెక్కా వేసుకోకండి. కోళ్లూ ప్రభలూ చుట్టాలూ ఉండగా పుస్తకం ఎవరు పట్టుకుంటారు?

పదో తరగతి పిల్లలు జనవరి చివరికల్లా ఏదో ఒక భాగం పూర్తి చేసి ఆపాలి. భాగం మధ్యలో ఆపితే పరీక్ష హాల్లోనూ అదే తిరుగుతుంది. భాగం చివర ఆపితే మనసు ఊరుకుంటుంది.

రెండో భాగం దగ్గర ఆగిపోతున్నాం. ఎందుకు?

చాలామంది ఆగేది అక్కడే. మొదటి భాగంలో కొత్త ఊరు, కొత్త బడి, కొత్త స్నేహితులు. రెండో దాంట్లో ఆ కొత్తదనం ఉండదు, కథేమో ఇంకా ముదరలేదు. పైగా మొదటి అయిదారు అధ్యాయాలు జరిగిన కథ గుర్తుచెయ్యడానికే పోతాయి.

మొదటి భాగం చివరి రెండు అధ్యాయాలు మళ్లీ చదివి, ఆ రోజే రెండో భాగం మొదటి అధ్యాయం మొదలుపెట్టండి. పాత కథ చెప్పే పేరాలు కళ్లతో జారవిడవండి, తప్పేం లేదు. 80 పేజీల దాకా వెళ్లండి. అప్పటికీ ముఖ్యపాత్ర ఏం కోరుకుంటోందో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆపెయ్యండి. మొదలుపెట్టిన పుస్తకం ముగించకపోతే దోషం చుట్టుకుంటుందని ఏ శాస్త్రంలోనూ లేదు.

తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లీషు సిరీస్ చదవగలరా?

చదవగలరు, మొదటి 40 పేజీలు దాటితే. ఒక రచయిత వాడే మాటలు ఆ సిరీస్‌లో మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి విడి నవలల కన్నా సిరీసే తేలిక. మొదటి భాగంలో పడ్డ కష్టం మూడో భాగానికి ఉండదు.

మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి తెలియని మాటలు లెక్కపెట్టండి. అయిదు లోపుంటే మొదలుపెట్టొచ్చు. పదికి మించితే ఇంకో సిరీస్ చూసుకోవాలి. చదువుతున్నప్పుడు నిఘంటువు తియ్యొద్దు. తెలియని మాట కింద పెన్సిల్‌తో సన్నగా గీత గీసి ముందుకి పోవాలి. అధ్యాయం అయ్యాక, మూడుసార్లకన్నా ఎక్కువ కనబడ్డ మాటలకే అర్థం చూడాలి. ప్రతి మాటకీ ఆగితే గంటకి రెండు పేజీలవుతాయి, వారానికి విసుగొస్తుంది. లైబ్రరీ పుస్తకమైతే పెన్సిల్ గీతలు కూడా వద్దు, చీటీ మీద పేజీ నంబరు వేసుకోండి.

పేర్లు ఇంకో అడ్డం. ఒకే మనిషిని ఇంటిపేరుతో ఒకచోట, ముద్దుపేరుతో ఇంకోచోట పిలుస్తారు. మనం సత్యనారాయణని సత్తిబాబు అన్నట్టే. అట్ట లోపల ఒక కాగితం పెట్టుకుని, పేరు, ముద్దుపేరు, ఎవరికి ఏమవుతారు, ఈ భాగంలో వయసెంత అని రాసుకోండి. పది పదిహేను పాత్రలకి మించి అక్కర్లేదు.

మంచు, మైళ్లు, వాళ్ల తిండి… మనకి తెలియని లోకం ఎలా ఊహించుకోవాలి?

కొలతలు మార్చుకోండి: మైలు అంటే 1.6 కిలోమీటర్లు, 32 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నీళ్లు గడ్డకడతాయి. ఆ పిల్ల రెండు మైళ్లు నడిచి బడికెళ్లిందంటే మూడు కిలోమీటర్ల పైనే, అదీ మంచులో. తిండి మాత్రం మార్చకండి. వాళ్ల కేకుని పూతరేకు అనుకుంటే కథ ఎటూ కాకుండా పోతుంది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది. పాత తెలుగు ముద్రణల కోసం ముందు అక్కడ అడగాలి. మిగతా పట్టణాల్లోనూ పెద్ద ఊళ్లలోనూ జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖలు చూడండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

శాఖలో 1, 3, 5 భాగాలుండి 2, 4 లేకపోవడం అందరికీ తెలిసిన బాధ. ఉన్నవాటితో సర్దుకుని చదివేయకండి. సభ్యత్వం తీసుకుని, లేని భాగాల పేరు, రచయిత, ప్రచురణకర్త, ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు) నంబరు నలుగురైదుగురు సభ్యులు విడివిడిగా రాసివ్వండి. ఒక్కరు అడిగితే కోరిక, అయిదుగురు అడిగితే అవసరం. ఈలోగా లేని భాగాలు మాత్రం పాత పుస్తకాల దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో కొనుక్కుంటే మొత్తం సెట్టు ఖర్చు పడదు.

నలుగురం కలిసి ఒకే సెట్టు కొంటే ఎలా తిప్పుకోవాలి?

ఆరు భాగాలు, నలుగురు చదువరులు, మనిషికి భాగానికి 15 రోజులు. మొదటి మనిషి ఒకటో భాగం ముగించి రెండోవాళ్లకిచ్చి రెండో భాగం తీసుకుంటారు. ఇలా గొలుసుగా పోతే మొత్తం 6+4–1, అంటే 9 విడతలు, 135 రోజులు. నాలుగో మనిషికి మొదటి పుస్తకం 46వ రోజున అందుతుంది. ఆ ఎదురుచూపు ఎవరిదో చీటీలు వేసి తేల్చుకోండి, లేకపోతే అక్కడే అలకలు మొదలవుతాయి.

తప్పేది ఎక్కువగా ఒకచోట: మధ్యలో ఒకరికి పని పడుతుంది, వెనకున్నవాళ్లంతా ఆగిపోతారు. ముందే మూడు రోజుల గడువు ఒప్పుకోండి. అదీ దాటితే పుస్తకం వెనకవాళ్లకి పోవాలి, ఆగినవాళ్లు చివర్లో చదువుకోవాలి. నరసాపురంలో ఇద్దరూ సఖినేటిపల్లిలో ఇద్దరూ ఉంటే, ఒకే ఒడ్డు వాళ్లని వరసలో పక్కపక్కన పెట్టండి. ఏటికి నీరెక్కువై పంటు ఆపినా గొలుసు ఒక్కచోటే తెగుతుంది.

కలిసి మాట్లాడుకునేటప్పుడు నాలుగో మనిషి ముగించిన భాగం వరకే మాట్లాడాలి. "అయ్యో, నీకింకా తెలీదు కదా" అని నవ్వడం కూడా కథ చెప్పేసినట్టే.

ప్రేమలూ చావులూ వస్తాయట. పిల్లలకి ఇవ్వొచ్చా?

వస్తాయి. ఎదగడం గురించి రాసిన పుస్తకంలో శరీరం మారడం, మొదటి ఇష్టం, ఇంట్లో ఎవరో పోవడం, స్నేహితుడు దారి తప్పడం లేకపోతే ఆ పుస్తకం దాచిపెడుతున్నట్టే. పిల్లలు ఇవన్నీ ఫోన్‌లో ఎలాగూ చూస్తున్నారు. పుస్తకంలో వాటి వెనకాముందూ ఉంటుంది.

అనుమానముంటే చివరి భాగంలో మధ్య యాభై పేజీలు మీరే చదవండి. మొదటి భాగం చూసి లాభం లేదు, అది ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. ఇవ్వకూడదనిపిస్తే "తొమ్మిదో తరగతికి వచ్చాక ఇస్తాను" అని గడువు చెప్పండి. కారణం చెప్పకుండా దాచేస్తే ఆ పుస్తకమే ముందు చదువుతారు. ఇచ్చాక ప్రశ్నపత్రంలా అడక్కండి. "ఆ పిల్ల వాళ్ల నాన్నతో అలా మాట్లాడ్డం నీకు సబబనిపించిందా?" లాంటి ఒక్క ప్రశ్న చాలు. తమ సంగతి చెప్పలేనివాళ్లు పాత్ర సంగతి చెబుతారు.

సినిమా ముందు చూడొచ్చా?

ఆ భాగం చదివాకే. ముందు చూస్తే పాత్రల ముఖాలు నటుల ముఖాలుగా స్థిరపడిపోతాయి.

మన గోదావరి నేల మీద ఇలాంటివి ఏమున్నాయి?

మొక్కపాటి నరసింహశాస్త్రి బారిస్టర్ పార్వతీశం ఉంది. మొదటి భాగం 1920లలో వచ్చింది, మొత్తం మూడు భాగాలు. చాలామందికి మొగల్తూరు కుర్రాడు బయల్దేరి నరసాపురం, నిడదవోలు మీదుగా చెన్నపట్నం చేరి ఓడెక్కే మొదటి భాగమే తెలుసు. నవ్వంతా అందులోనే ఉందని అక్కడ ఆపేస్తారు. కానీ ఆ అమాయకుడు పెద్దమనిషి అయ్యేది తర్వాతి భాగాల్లో. మూడూ కలిపి చదివితే ఇది ఎదిగే వయసు సిరీసే. మొదటి భాగం చదివేటప్పుడు గోదావరి జిల్లాల పటం దగ్గర పెట్టుకుని దారి గుర్తుపెట్టండి. ఆ ఊళ్లు మీవే కాబట్టి, అతను దేనికి బెదురుతున్నాడో మిగతావాళ్ల కన్నా మీకే ముందు తెలుస్తుంది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి అనుభవాలూ జ్ఞాపకాలూనూ నవల కాదు, ఆత్మకథ. అయినా ఈ వరసలో పెట్టొచ్చు. వేదం చదవాల్సిన ఇంట్లో పుట్టిన పిల్లాడు తెలుగు కథల వైపు ఎలా మళ్లాడో అందులో ఉంది. ఇంటర్ పిల్లలకి సరిపోతుంది, ఏడో తరగతికి బరువు.

పీడీఎఫ్‌లు దించుకోవడం తప్పా?

కాపీరైట్ తీరినవైతే తప్పు లేదు. మన దేశంలో రచయిత బతికుండగా వచ్చిన పుస్తకాలకి, పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. మాంట్‌గొమరీ 1942లో పోయింది కాబట్టి ఆమె బతికుండగా వచ్చినవి 2003 నుంచి స్వేచ్ఛగా చదువుకోవచ్చు. శ్రీపాద 1961లో పోయారు, 2022 నుంచి ఇదే లెక్క. మొక్కపాటి 1973లో పోయారు కాబట్టి 2033 చివరిదాకా కొనుక్కోవాల్సిందే. అనువాదానికి హక్కు వేరు: మూల రచయిత పోయి నూరేళ్లైనా అనువాదకుడి లెక్క అనువాదకుడిదే.

డెల్టా తేమకి పుస్తకాలు పాడవుతున్నాయి. ఏం చెయ్యాలి?

బీరువా గోడకి ఆనించొద్దు, నాలుగు వేళ్ల సందు వదలండి. కింది అర నేలకి అడుగు ఎత్తున ఉండాలి. పుస్తకాలు బిగించి పేర్చొద్దు, వేలు దూరేంత వదులుండాలి. కలరా ఉండలు గుడ్డలో మూటగట్టి మూలన పెట్టండి, చిన్నపిల్లలుంటే అసలు వద్దు. వేపాకు బాగా ఎండితేనే పెట్టాలి. పచ్చాకు పెడితే పురుగుకి బదులు బూజు వస్తుంది. వర్షాకాలంలో పదిహేను రోజులకోసారి పుస్తకాలన్నీ తీసి పేజీలు గలగలలాడించి మళ్లీ పెట్టండి.

జూలై, ఆగస్టుల్లో లంకల్లోనూ ఏటిగట్టు లోపలి ఊళ్లలోనూ ఉండేవాళ్లు సెట్టుని భాగానికో ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి, గాలి చొరని డబ్బాలో అటక మీద పెట్టండి. పొడిగా ఉన్న రోజునే కట్టాలి. తేమ రోజున కడితే లోపలే బూజు పట్టేస్తుంది.

తడిసిపోయింది. ఎండలో పెట్టాం, ముడుచుకుపోయింది.

ఎండే ముంచింది. తడిసిన పుస్తకాన్ని తెరవడానికి గుంజొద్దు. బురదో రొయ్యల చెరువుల ఉప్పునీరో తగిలి ఉంటే పుస్తకం మూసి గట్టిగా పట్టుకుని మంచినీళ్లలో ఒకసారి ముంచి తియ్యండి. ఉప్పు మిగిలితే పుస్తకం ఆరినట్టే ఆరి మళ్లీ చెమ్మ లాగుతుంది. తర్వాత తువ్వాలు మీద నిలువుగా, అట్టలు కొద్దిగా విప్పి, ఫ్యాను గాలికి పెట్టండి. నీళ్లు కారడం ఆగాక ఇరవై పేజీలకో తెల్లకాగితం పెట్టి రెండు మూడు గంటలకోసారి మార్చండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. చేతికి చల్లదనం పోయాక పడుకోబెట్టి పైన పీట, పీట మీద రెండు ఇటుకలు.

రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. ఒకేసారి పది పుస్తకాలు తడిస్తే అన్నిటికీ చెయ్యి చాలదు. విడివిడిగా ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టించి, ఒక్కొక్కటీ తీసి ఆరబెట్టుకోండి. నున్నటి బొమ్మల పేజీలున్నవి ముందు గడ్డకట్టించాలి, ఒకసారి అంటుకుంటే ఇక విడవవు.

సెట్టులో ఒక భాగం పోయింది. మళ్లీ మొత్తం కొనాలా?

అక్కర్లేదు. మిగిలిన భాగాల వెనకట్ట మీద 13 అంకెల ఐఎస్‌బీఎన్ చూడండి. సెట్టుకి ఒక నంబరు, ఒక్కో భాగానికి ఒక నంబరు ఉంటాయి. పోయిన భాగం నంబరు ప్రచురణకర్త జాబితాలో దొరుకుతుంది, దాంతో వెతికితే అదే అట్ట, అదే సైజు వస్తుంది. పేరుతో మాత్రమే వెతికితే వేరే ముద్రణ రావొచ్చు. కథలో తేడా ఉండదు కానీ పేజీ నంబర్లు కలవవు, అరలో ఒకటి ఎత్తుగా నిలబడుతుంది. కొందరికి అది పట్టదు. పట్టేవాళ్లు మాత్రం ఆ ఒక్క పుస్తకం చూసినప్పుడల్లా చిరాకుపడతారు, కాబట్టి ముందే నంబరు చూసుకోండి.